వేరే జబ్బుల మందులే ఎంఎస్‌కు దిక్కయ్యాయి

మే నెలలో రాయలసీమలోని ముదిగుబ్బ ఎండ ఎవరి కాళ్లనైనా లాగేస్తుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే ఎంఎస్, ఉన్నవాళ్లను ఇంకోలా పట్టుకుంటుంది. ఈ జబ్బులో ఒంట్లోని రక్షక కణాలే నరాల మీది మైలిన్ పొరను తినేస్తాయి. పొర పోయిన నరం, ఒళ్లు కాస్త వేడెక్కినా సంకేతం మోయలేదు. చూపు మసకబారుతుంది, కాలు ఈడుస్తుంది. చల్లబడ్డాక సర్దుకుంటుంది. ఇలాంటి చూపు మసకను 1890లోనే జర్మన్ కంటి వైద్యుడు ఉటోఫ్ గమనించాడు. ఆయన వ్యాయామం వల్ల అనుకున్నాడు, అసలు కారణం వేడి అని తర్వాత తేలింది.

1868లో పారిస్‌లో నరాల వైద్యుడు షార్కో ఈ జబ్బును విడదీసి చూపాక వందేళ్లు సరైన మందే లేదు. 1970లో ఏసీటీహెచ్ హార్మోన్‌ను మందుగా పరీక్షించారు, ఆ తర్వాత మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ సెలైన్లు వచ్చాయి. నేటికీ జబ్బు తిరగబెడితే మొదట ఎక్కించేది ఆ స్టెరాయిడే. అది వచ్చిన దెబ్బను త్వరగా తగ్గిస్తుంది, రాబోయేదాన్ని ఆపదు.

ఆపే మందుల్లో నాకు విచిత్రంగా తోచేది గ్లాటిరమర్. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో మైకేల్ సేలా, రూత్ ఆర్నన్, ద్వోరా టైటెల్‌బామ్ మైలిన్ ప్రొటీన్‌ను పోలిన పదార్థాన్ని తయారుచేశారు. ఉద్దేశం జంతువుల్లో ఎంఎస్ లాంటి జబ్బు తెప్పించడం. జబ్బు రాలేదు సరికదా, తగ్గింది! అది 1996లో అమెరికాలో మందుగా అనుమతి పొందింది. అప్పటికే 1993లో ఇంటర్‌ఫెరాన్ బీటా వచ్చింది, అసలు వైరస్‌లతో పోరాడే పదార్థంగా పేరు తెచ్చుకున్నదే. 2000లో ఎంఎస్‌కు అనుమతి పొందిన మైటోజాంట్రోన్ క్యాన్సర్ మందు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలు నడిపిన లెడర్లీ కంపెనీయే, ఆయన పోయిన చాలా ఏళ్లకు, దాన్ని తయారుచేసింది. గుండెను దెబ్బతీస్తుంది కనుక ఇప్పుడు అరుదుగానే వాడతారు.

తెలుగునేల ఈ కథలోకి నేరుగా వచ్చింది హైదరాబాద్ నుంచి. లింఫోమా క్యాన్సర్‌కు వాడే రిటుక్సిమాబ్‌ను డాక్టర్ రెడ్డీస్ 2007లో రెడిటక్స్ పేరుతో తక్కువ ధరకు తెచ్చింది. ఆ మందునే మన నరాల డాక్టర్లు ఎంఎస్‌కూ రాస్తున్నారు. 2017లో నాట్కో (ఇదీ హైదరాబాద్ కంపెనీయే), మైలాన్‌ల గ్లాటిరమర్ జెనరిక్‌కు అమెరికా అనుమతి దొరికింది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తొలిసారి ఎంఎస్‌కు అత్యావశ్యక మందులు ఎంచినప్పుడు, మూడింటిలో రెండు ఇవే. మూడోది క్లాడ్రిబిన్.

బాధలు తగ్గించేవీ అరువు మందులే. కండరాల బిగుతుకు వాడే బాక్లోఫెన్ మొదట మూర్ఛ కోసం పుట్టింది. అలసటకు ఇచ్చే అమాంటడిన్ మొదట ఫ్లూ మందు.

ధర తగ్గినా ఇక్కడ ఇంకో చిక్కుంది. గ్లాటిరమర్‌ను 2 నుంచి 8 డిగ్రీల చలిలో దాచాలి. బయట నెల దాకా ఉంచవచ్చు గానీ 30 డిగ్రీలు దాటకూడదు. ఎండాకాలం 40 దాటే ఊళ్లో కరెంటు పోతే ఆ సిరంజిని ఎక్కడ పెట్టాలి? ఈ ప్రశ్న మందు రాసే డాక్టరే ముందు అడగాలి.

ఈ మందులేవీ పోయిన నరాన్ని తిరిగి తేలేవు, ఉన్నదాన్నే కాపాడతాయి. కాబట్టి పడుచువయసులో ఒక కంటి చూపు తగ్గి తిరిగి వచ్చినా, కాలు రోజుల తరబడి మొద్దుబారి బాగైనా, తగ్గిపోయిందిలే అని ఊరుకోకండి. అనంతపురమో బెంగళూరో వెళ్లి నరాల డాక్టరుకు చూపించుకోండి.