చలికాలంలో చిన్న పడవలు

చిన్న తెరచాప పడవను ఇంగ్లీషువాళ్లు డింగీ అంటారు. ఆ మాట హిందీ, బెంగాలీల నుంచి వాళ్ల భాషలోకి వెళ్లినదే. ఓడను అంటిపెట్టుకుని ఉండి, మనుషులనూ సరుకునూ ఒడ్డుకు చేర్చిన ఆ పడవ వినోదానికీ పందేలకూ పనికిరావడానికి చాలా కాలం పట్టింది. దాన్ని గడ్డకట్టే చలిలో నీళ్లలోకి దించే అలవాటు ఇంకా ఆలస్యంగా, 20వ శతాబ్దంలో మొదలైంది.

తెరచాప పందేలు మొదట రాజుల ముచ్చట. 1661లో ఇంగ్లండు రాజు రెండో చార్లెస్, ఆయన తమ్ముడు జేమ్స్ థేమ్స్ నదిలో గ్రీనిచ్ నుంచి గ్రేవ్‌సెండ్ వెళ్లి రావడానికి 100 పౌండ్ల పందెం వేసుకున్నారు. ఎదురుగాలిలో వెళ్లేటప్పుడు రాజు ఓడిపోయాడు, తిరుగు ప్రయాణంలో గెలిచాడు. తర్వాత రెండు శతాబ్దాలు ఈ ఆట డబ్బున్నవారి చేతుల్లోనే ఉంది. ఎవరు ఎక్కువ ఖర్చుపెట్టి వేగమైన పడవ చేయించుకుంటే గెలుపు వారిది.

ఆ పద్ధతిని ఐర్లండులోని డబ్లిన్ దగ్గర కొందరు తిరగరాశారు. 1887లో ఏర్పడిన వాటర్ వాగ్ క్లబ్ సభ్యుల పడవలన్నీ ఒకే నమూనాలో ఉండాలని నియమం పెట్టుకుంది. పడవలు సమానమైతే తేడా నడిపేవాడి నేర్పులోనే తేలుతుంది. చిన్న పడవల చరిత్రలో ఇంతకన్నా పెద్ద మలుపు లేదు. ఒకే రకం పడవలు పదిమంది దగ్గర ఉంటేనే పందెం సాగుతుంది కాబట్టి, క్లబ్ అనేది అప్పటి నుంచి కాలక్షేపపు గది కాకుండా ఆటకే ఆధారమైంది.

అయినా శరత్కాలం ముగిసేసరికి పడవలను ఒడ్డుకు లాగి కప్పిపెట్టేవారు. 1932 జనవరి మొదట్లో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లోని పోర్ట్ వాషింగ్టన్‌లో కొందరు చిన్న డింగీలతో పందెం నడిపారు. చలికి వేళ్లు కొరుక్కుపోయే స్థితిని సూచించే ‘ఫ్రాస్ట్‌బైట్’ అనే మాటే ఆ ఆటకు పేరుగా స్థిరపడింది. ఈ పందేలు కొద్దిసేపట్లో ముగుస్తాయి, ఒడ్డుకు దగ్గరగా జరుగుతాయి. బోల్తాపడినవారిని వెంటనే పైకి లాగడానికి తోడుపడవ సిద్ధంగా ఉంటుంది. ఈ కట్టుబాట్లే వాటిని నిలబెట్టాయి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో ఆట సామాన్యుల దాకా వచ్చింది. నీళ్లకు చెడని జిగురు, మంచి ప్లైవుడ్ అందుబాటులోకి రావడంతో పడవను ఇంట్లోనే కట్టుకోవడం సాధ్యమైంది. 1962లో డైలీ మిర్రర్ పత్రిక ప్రోత్సాహంతో వచ్చిన మిర్రర్ డింగీ ఇందుకు గొప్ప ఉదాహరణ. ప్లైవుడ్ పలకలను రాగి తీగతో కుట్టి, అతుకుల మీద ఫైబర్‌గ్లాస్ పట్టీలు అంటించి దాన్ని తయారుచేసేవారు. అలాంటివి 70,000కు పైగా తయారయ్యాయి.

సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లలో తాగునీటి జలాశయాలు, కంకర తవ్వగా మిగిలిన గుంతలు క్లబ్బులకు నెలవులయ్యాయి. అక్కడ పెద్ద కెరటాలుండవు, ఒడ్డు దగ్గరే. అందుకే చలికాలపు పందేలు అక్కడ బాగా వేళ్లూనుకున్నాయి. అట్లాంటిక్ మీది నుంచి వచ్చే గాలులు ఆ నెలల్లోనే బలంగా ఉంటాయి. పైగా సున్నా డిగ్రీల గాలి 25 డిగ్రీల గాలికన్నా సుమారు తొమ్మిది శాతం సాంద్రం. అదే వేగంతో వీచినా తెరచాపను ఎక్కువగా నెడుతుంది.

రకరకాల పడవలు ఒకే చోట చేరినప్పుడు వాటిని పోల్చడానికి పోర్ట్స్‌మత్ యార్డ్‌స్టిక్ అనే లెక్క వచ్చింది. ఒక్కో తరగతి పడవకు ఒక అంకె ఇచ్చి, దాన్నిబట్టి పట్టిన సమయాన్ని సవరిస్తారు. మరో పద్ధతిలో నిదానపు పడవలను ముందుగా, వేగమైనవాటిని చివరగా వదులుతారు. గడువు ముగిసేసరికి ముందున్నవారే విజేతలు. లండన్ దగ్గర క్వీన్ మేరీ జలాశయంలో జనవరిలో జరిగే ‘బ్లడీ మేరీ’ పందెం ఇలాంటిదే.

బట్టల సంగతి చిన్నది కాదు. ఉన్ని స్వెటర్లు తడిస్తే బరువెక్కేవి. నియోప్రీన్‌తో చేసిన వెట్‌సూట్, తర్వాత నీళ్లు లోపలికి చొరని డ్రైసూట్ ఆ బాధ తగ్గించాయి. వేల్స్‌లోని అట్లాంటిక్ కాలేజీలో 1960లలో రూపుదిద్దుకున్న గాలి నింపిన అంచుల మోటారు పడవ రక్షణపనిని మార్చేసింది. దాన్ని రూపొందించిన డెస్మండ్ హోర్ పేటెంటును ఒక్క పౌండుకే ఇచ్చేశాడు. అంత ఉదారత ఏ ఆట చరిత్రలోనైనా అరుదు. ఇన్ని సదుపాయాలున్నా చల్లని నీళ్లలో పడ్డ మనిషికి తొలి క్షణాల్లోనే ఊపిరి తప్పే ప్రమాదముంది. తోడుపడవ లేనిదే పందెం మొదలుపెట్టకూడదన్న పట్టుదల అందుకే.

తెలుగు నేల మీద ఈ ఆటకు హుస్సేన్‌సాగర్ ప్రధాన వేదిక. ఇక్కడ రుతువుల లెక్క తలకిందులు. చలికాలంలో గాలి వేగం తగ్గుతుంది. నైరుతి రుతుపవనాలతో గాలి ఊపందుకుంటుంది కాబట్టి హైదరాబాద్‌లో మాన్‌సూన్ రెగట్టా వానాకాలంలో జరుగుతుంది. 2009లో మొదలైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ సర్కారు బడుల పిల్లలకూ తెరచాప నేర్పుతోంది. వాళ్లు మొదట ఎక్కేది 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ పిల్లల కోసం గీసిన, పెట్టెలాంటి ఆప్టిమిస్ట్ పడవ.