కొండదారికి చిన్న బండి: డర్ట్ బైక్ కుటుంబ చరిత్ర

తండ్రి ముందు బండిపై దారి చూపుతుంటే, పిల్లవాడు తన ఎత్తుకు సరిపోయే చిన్న బండిపై వెంట వచ్చే వారాంతపు విహారం అమెరికా పశ్చిమ రాష్ట్రాల కొండదారులపై 1960, 1970 దశకాలలో ఒక ఆచారంగా స్థిరపడింది. దాని పుట్టుకకు యంత్రం చిన్నదీ తేలికదీ కావడం మూలమైతే, తరువాతి గతిని చాలావరకు చట్టాలు నిర్ణయించాయి.

జపాన్‌కు చెందిన హోండా సంస్థ 1959లో లాస్ ఏంజెలెస్ కేంద్రంగా అమెరికాలో వ్యాపారం ఆరంభించి, సూపర్ కబ్ అనే బండిని ‘హోండా 50’ పేరుతో పట్టణవాసుల కోసం అమ్మింది. ఐడహో రాష్ట్రంలోని బాయిజీ నగర డీలరు ఒకరు ఆ బండికే గుబ్బల టైర్లు తొడిగి, వెనక చక్రానికి పళ్లు ఎక్కువున్న పెద్ద స్ప్రాకెట్ బిగించి, కొండల్లో తిరిగేవారికి అమ్మసాగాడు. స్ప్రాకెట్ పెద్దదైతే ఇంజను అన్నే తిరుగుళ్లు తిరిగినా చక్రం తక్కువ తిరుగుతుంది గనుక వేగం తగ్గి, ఏటవాలును ఎక్కే లాగుడు శక్తి పెరుగుతుంది. ఈ మార్పులను హోండా సంస్థ స్వీకరించి, 1961లో ‘ట్రెయిల్ 50’ పేరుతో తానే బండిని విడుదల చేసింది.

అదే సంవత్సరం టోక్యో శివార్లలోని తమా టెక్ అనే వినోద ఉద్యానవనంలో పిల్లలు నడపడానికి ఆ సంస్థ అయిదంగుళాల చక్రాల బుల్లి బండిని ప్రవేశపెట్టింది. ఆ వంశంలో పుట్టి 1968లో అమెరికా చేరిన ‘మినీ ట్రెయిల్’కు మూడు గేర్లున్నా క్లచ్ పిడి లేదు; ఇంజను వేగం పెరిగినప్పుడు తనంతట తానే పట్టుకునే క్లచ్‌ను అందులో అమర్చారు. హ్యాండిల్ మడిచి కారు డిక్కీలో పెట్టగలిగిన ఆ బండి వల్ల పిల్లవాడు తండ్రి వెనక కూర్చునే ప్రయాణికుడిగా మిగలక, స్వయంగా చోదకుడయ్యాడు. యమహా డీటీ-1 వచ్చినదీ 1968లోనే. రోడ్డుమీదా అడవిదారిలోనూ నడపగల ఆ తేలికపాటి 250 సీసీ బండి పెద్దలను అదే దారికి మళ్లించింది. 1971లో బ్రూస్ బ్రౌన్ తీసిన ‘ఆన్ ఎనీ సండే’ చిత్రం మోటారుసైకిలు నడిపేవాళ్లంటే రౌడీమూకలన్న అభిప్రాయాన్ని సడలించి, బండి నడపడాన్ని ఇంటిల్లిపాదికీ తగిన వినోదంగా చూపింది.

అయితే జనం పెరిగేకొద్దీ దారులు దెబ్బతిన్నాయి. గుబ్బల టైరు ఏటవాలుపై తవ్విన గాడిలో వాననీరు చేరి, దాన్ని కాలువగా కోస్తుంది. అందుకే దారిని కాపాడేవారు నీటిని పక్కకు మళ్లించడానికి ఏటవాలుకు అడ్డంగా, కాస్త ఐమూలగా చిన్న కట్టలు వేస్తారు. దేశంలో రోడ్డేతర విహార వాహనాలు సుమారు 50 లక్షలున్నాయని పేర్కొంటూ, 1972 ఫిబ్రవరి 8న అధ్యక్షుడు నిక్సన్ జారీచేసిన 11644వ కార్యనిర్వాహక ఉత్తర్వు, ప్రభుత్వ భూముల్లో ఏ దారులపై ఈ వాహనాలను అనుమతించాలో, ఏవి నిషేధించాలో నిర్ణయించమని ఆయా శాఖలను ఆదేశించింది. నేలకో వన్యప్రాణులకో గణనీయమైన హాని కలుగుతున్న చోట్ల వాటిని వెంటనే నిలిపివేయాలని 1977లో అధ్యక్షుడు కార్టర్ ఉత్తర్వు జోడించింది.

ఆ తరువాత పిల్లల బండి కూడా చట్టానికి చిక్కింది. పిల్లల వస్తువుల్లో సీసం పరిమాణాన్ని నియంత్రిస్తూ 2008లో వచ్చిన చట్టం బొమ్మలను దృష్టిలో పెట్టుకున్నదే అయినా, కొన్ని లోహ భాగాల్లో సీసం ఉండటం వల్ల చిన్న డర్ట్ బైకులకూ వర్తించి, 2009లో దుకాణాలు వాటి అమ్మకాన్ని ఆపేశాయి. చిన్న బండి దొరకని పిల్లవాడు పెద్దల బండి ఎక్కితే ప్రమాదం మరింత పెరుగుతుందన్న వాదన బలపడి, 2011 ఆగస్టులో వాటికి మినహాయింపు లభించింది. పిల్లవాడిని కొండదారికి చేర్చిన బుల్లి యంత్రమే అతని భద్రతకూ అవసరమని ఆ సవరణతో చట్టం కూడా ఒప్పుకున్నట్టయింది.