పడకల ఖర్చు, మందుల ఖర్చు



క్షయ అనగానే మన పెద్దలకు మదనపల్లె గుర్తుకొచ్చేది. అక్కడి ఆరోగ్యవరం శానటోరియంలో మంచం దొరికితే గండం గడిచినట్టే అనుకునేవారు. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసేదాకా మన తిరుత్తణి కూడా ఆ చిత్తూరు జిల్లాలోదే కదా! అయితే రోగులు లక్షల్లో, మంచాలు వేలల్లో. అందరికీ మంచం వేయించడం ఏ ఖజానా వల్లా అయ్యే పని కాదు.

1956లో భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి కలిసి మద్రాసులో ఒక కేంద్రం తెరిచాయి. 193 మంది పేద రోగులను, చీటీలు వేసినట్టుగా, రెండు జట్లు చేశారు. ఒక జట్టు శానటోరియంకు వెళ్ళింది, రెండోది ఇంటిపట్టునే ఉంది. ఇద్దరికీ ఏడాదిపాటు అవే మందులు. శానటోరియంలో మంచి తిండి, విశ్రాంతి. ఇంట్లోనా, ఇరుకు గది, చాలీచాలని కూడు. అయినా 1959లో తేలిందేమిటంటే, నయమైనవారి లెక్క ఇంచుమించు సమానమే! ఇంట్లోవాళ్ళకు జబ్బు అదనంగా అంటుకోనూ లేదు.

దాంతో ప్రభుత్వ వ్యయం దారి మారింది. 1962లో మొదలైన జాతీయ క్షయ కార్యక్రమం మామూలు ఆసుపత్రుల ద్వారానే ఉచితంగా మందులిచ్చింది.

తరువాతి కథ మన ఊళ్ళదే. 1968 నుంచి, అప్పటి చెంగల్పట్టు జిల్లాలోని తిరువళ్ళూరు ప్రాంతంలో, రెండున్నర లక్షల మందికి పైగా సూదులు వేశారు. కొందరికి బి.సి.జి., కొందరికి ఉత్త మందు. మీ ఇళ్ళలో ఆ సూదిమచ్చ ఉన్న పెద్దలుండవచ్చు. ఏళ్ళ తరబడి గడపగడపకూ తిరిగి కఫం పరీక్షించారు. పెద్దల ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపడంలేదని తేలింది. అంత డబ్బూ వృథాయేనా? నేనలా అనను. పసిపిల్లలకు మెదడుకు సోకే క్షయ నుంచి అది రక్షణ ఇస్తుంది గనుక నేటికీ వేస్తున్నారు. పెద్దల విషయంలో మాత్రం, రోగిని త్వరగా పట్టుకుని మందులు పూర్తిగా మింగించడమే దారి అని తెలిసింది.

1999 నుంచి తిరువళ్ళూరు జిల్లాలో సరిగ్గా ఆ పనే చేశారు, ఎదురుగా నిలబడి మాత్రలు మింగించారు. ఆ తరువాతి ఏడెనిమిదేళ్ళలో, సర్వే చేసిన గ్రామాల్లో కఫంలో క్రిములున్నవారి సంఖ్య సుమారు సగానికి దిగింది.

మందులు ఉచితమే. మరి రోగి పోగొట్టుకున్న కూలి? బస్సు చార్జీ? ఆ ఖర్చు చాలాకాలం ఏ పద్దులోనూ కనబడలేదు. పోషణ కోసమని కేంద్రం నెలకు 500 రూపాయలివ్వడం 2018లో మొదలుపెట్టింది. 2024 నవంబరులో దాన్ని 1000 చేసింది.