మన అబూ సింబెల్‌కి లాంచీలో వెళ్లొచ్చు!

నైలు నది మీద క్రూయిజ్ ఎక్కి గుళ్లు, సమాధులు చూసే వీడియోలు మీ ఫీడ్‌లోనూ వస్తుంటాయి కదా? సికింద్రాబాద్ నుంచి పొద్దున్నే బయల్దేరితే అలాంటి ప్రయాణం మన కృష్ణమ్మ మీదే ఉంది: నాగార్జునకొండ.

విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కితే ముప్పావుగంట అటూ ఇటూగా దీవికి చేరతాం. కానీ అసలు ఊరు లాంచీ కింద, నీళ్లలో ఉంది. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ లోయలోనే వెలిగింది. అక్కడి మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టించింది చాంతిసిరి, అంటే రాజు చాంతమూలుడి తోబుట్టువు. ఈ మాట శాసనాల్లోనే ఉంది.

1955 డిసెంబర్ 10న నెహ్రూ సాగర్ డ్యామ్‌కి శంకుస్థాపన చేశారు. లోయ మునుగుతుందని ముందే తెలుసు. అందుకే 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం టీమ్ నీళ్లతో పోటీపడి తవ్వింది. కొన్ని కట్టడాల్ని విప్పి కొండ మీద, ఇంకొన్నిటిని ఒడ్డున అనుపులో మళ్లీ కట్టారు.

ఆస్వాన్ డ్యామ్ కోసం అబూ సింబెల్‌ని ముక్కలుగా కోసి పైకి తరలించింది 1964-68లో. అంటే మనోళ్ల తవ్వకాలు అంతకు ముందే అయిపోయాయి! అయితే అక్కడ యునెస్కో పిలుపుతో ప్రపంచమే కదిలింది, గుడి మొత్తం పైకొచ్చింది. మనకి మాత్రం ఊరు చాలావరకు అడుగునే ఉండిపోయింది.

మరి డ్యామ్ కట్టడం తప్పా? నల్గొండ, గుంటూరు పొలాల్ని అడగండి, కాదంటాయి. కానీ ఆ నీళ్లకి బదులుగా ఏం ఇచ్చామో తెలియకుండా తిరిగొస్తే అది ఉత్త బోటింగే. మీరు వెళ్తే ముందు మ్యూజియం, తర్వాతే సెల్ఫీ. సరేనా? మళ్లీ కలుద్దాం!