డాబా మీద యాంటెన్నా, హాల్లో అమ్మ

ఇప్పటి పిల్లలకి డాబా మీద అల్యూమినియం కడ్డీల యాంటెన్నా చూపిస్తే, బట్టలారేసుకోవడానికా అని అడుగుతారు. ఒకప్పుడు వీధిలో ఎవరింట్లో టీవీ ఉందో ఆ కడ్డీలే చెప్పేవి.

చేపముల్లులా ఉండే ఆ యాంటెన్నా పుట్టిల్లు జపాన్. సెండాయ్‌లోని తొహోకు విశ్వవిద్యాలయంలో షింతారో ఉడా, హిదెత్సుగు యాగీ దాన్ని 1926లో లోకానికి తెలిపారు. ప్రయోగాల్లో ఎక్కువ కష్టం ఉడాది. 1928లో ఇంగ్లీషులో వ్యాసం రాసింది యాగీ. దాంతో అందరూ యాగీ యాంటెన్నా అనేశారు. వంటొకరిది, వడ్డనొకరిది, పేరు మాత్రం వడ్డించినవారిది. ఈ సంగతి మనకి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు కదా!

మన దేశంలో టీవీ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలైంది. 1975లో ఏడాదిపాటు జరిగిన 'సైట్' ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల పల్లెలు ఉపగ్రహం ద్వారా టీవీ చూశాయి. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబరు 23న వచ్చింది. 1982లో రంగులొచ్చాయి. 1984 నుంచి చిన్న ఊళ్ళలోనూ ట్రాన్స్‌మిటర్లు వరసగా లేచాయి. వాటిలో చాలావాటి శక్తి 100 వాట్లే. ఊళ్ళో ఉన్నవాళ్ళకి బొమ్మ బాగానే వచ్చేది, దూరపు పల్లెలవాళ్ళకి పొడవాటి గొట్టం, ఎక్కువ కడ్డీలు కావాల్సి వచ్చేవి.

ఆ కడ్డీల్లో వైరు తగిలించేది ఒక్కటే. దాని వెనక కాస్త పొడుగుది, ముందు కాస్త పొట్టివి. ముందు కడ్డీలు పెరిగేకొద్దీ దూరపు సిగ్నల్ అందుతుంది, కానీ గురి కూడా అంత సూటిగా ఉండాలి. కడ్డీ పొడవు ఛానెల్‌ని బట్టి మారుతుంది. నాలుగో ఛానెల్‌కి రెండు మీటర్ల పైనే, పై ఛానెళ్ళకి మీటరు లోపే. అందుకే పక్క ఊరి చుట్టాలింట్లో బ్రహ్మాండంగా పనిచేసిన యాంటెన్నా మనింట్లో మొరాయించేది.

ఇక బూస్టర్. ఇంటి ఖర్చు చూసుకునే ఆడవాళ్ళకి అసలు లెక్క ఇక్కడే. బొమ్మ సరిగా రాకపోతే బూస్టర్ కొనేద్దామనేవారు. కానీ బూస్టర్ లేని సిగ్నల్‌ని తేలేదు. వచ్చినదాన్ని, దాంతోపాటు వచ్చిన గరగరని కూడా పెంచుతుంది. నీళ్ళ మజ్జిగ పెద్ద గిన్నెలో పోస్తే పెరుగవుతుందా? ముందు గొట్టం ఎత్తు పెంచి, దిక్కు సరిచూడాలి. అప్పటికీ చాలకపోతేనే బూస్టర్. అదీ యాంటెన్నా దగ్గరే పెట్టాలి. వైరులో సగం పోయాక టీవీ వెనక పెడితే పెద్ద లాభం ఉండదు. ట్రాన్స్‌మిటర్ పక్కనే ఉన్న ఇంట్లో పెడితే ఉన్న బొమ్మ కూడా పాడవుతుంది.

డాబా ఎక్కి గొట్టం తిప్పింది మగవాళ్ళే. కానీ ఎక్కడ ఆపాలో చెప్పిందెవరు? "వచ్చింది... పోయింది... కొంచెం వెనక్కి!" అని కిందనుంచి అరిచిన అమ్మే. చుక్కలొస్తే సిగ్నల్ చాలదని, బొమ్మ పక్కన నీడ బొమ్మ కనబడితే ఎక్కడో గోడకో కొండకో తగిలి వస్తోందని ఆవిడ కళ్ళు పట్టేసేవి. 1987లో రామాయణం మొదలయ్యాక ఆదివారం పొద్దున్న ఇరుగుపొరుగు అంతా హాల్లో చాపల మీద కూర్చుంటే, ఆవిడ మాత్రం పొయ్యి మీద పాలు చూసుకుంటూ వంటింటి గుమ్మంలోంచి చూసేది. బొమ్మ కుదిర్చిన మనిషికి ముందు వరసలో చోటు లేదు. ఉడాకీ ఆవిడకీ ఏదో చుట్టరికం ఉందనిపిస్తుంది నాకు.

2022 నాటికి మన దేశంలో ఆ పాత ట్రాన్స్‌మిటర్లు చాలామటుకు మూతపడ్డాయి. అమెరికాలో 2009లో ప్రసారాలు డిజిటల్ అయినా ఉచిత ఛానెళ్ళు యాంటెన్నాతో ఇంకా వస్తున్నాయి. అక్కడ కాపురం పెట్టిన మన ఆడపిల్లలు కొందరు కేబుల్ బిల్లు మిగుల్చుకోవాలని యాంటెన్నా కోసం వెతుకుతుంటారు. వాళ్ళకీ లెక్క అదే: ముందు టవర్ ఎటుందో, ఎంత దూరమో చూడు, తర్వాత యాంటెన్నా కొను, బూస్టర్ సంగతి ఆఖర్న ఆలోచించు. డిజిటల్‌లో చుక్కలుండవు, బొమ్మ ఉంటే నిండుగా ఉంటుంది, లేకపోతే ముక్కలై ఆగిపోతుంది. మీ అమ్మనో అత్తగారినో ఓసారి అడిగి చూడండి. వాళ్ళ ఇంటి యాంటెన్నా ఏ దిక్కుకి తిరిగి ఉండేదో ఇప్పటికీ చేయి చాపి చూపిస్తారు.