టెర్సన్ సిండ్రోమ్: మెదడులో నాళం చిట్లితే కంట్లో నెత్తురు

బతికున్న మనిషి కంటి లోపలి రెటీనాను చూసే వీలు 1851లో హెల్మ్‌హోల్ట్జ్ ఆప్తాల్మోస్కోప్‌తో వైద్యులకు దక్కింది. ముప్ఫై ఏళ్ల తర్వాత, 1881లో, జర్మన్ వైద్యుడు మోరిట్జ్ లిట్టెన్ మెదడు చుట్టూ రక్తస్రావమైన రోగి కంట్లోనూ నెత్తురు ఉండటాన్ని నమోదు చేశాడు. 1900లో ఫ్రెంచి కంటి వైద్యుడు ఆల్బర్ట్ టెర్సన్ కంటిగుడ్డును నింపే విట్రియస్ జెల్‌లోకి అలా నెత్తురు చేరిన కేసును వర్ణించాడు. చివరికి ఆయన పేరే నిలిచింది.

నెత్తురు కంట్లోకి ఎలా వస్తుందన్నదానిపై వాదన చాలాకాలం నడిచింది. మెదడు చుట్టూ చిమ్మిన రక్తమే ఆప్టిక్ నరం తొడుగు వెంట పాకి వస్తుందన్నది మొదటి ఊహ. అన్యూరిజం, అంటే ఉబ్బిన రక్తనాళం, పగలగానే పుర్రెలో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి, రెటీనా నుంచి రక్తం వెనక్కి మళ్లే దారి మూసుకుపోయి, అక్కడి సన్నని నాళాలు చిట్లుతాయన్న వివరణకు తర్వాత ఎక్కువ బలం చేకూరింది.

తొలి దశాబ్దాల్లో ఈ లక్షణం జబ్బు తీవ్రతకు గుర్తు, అంతే. ప్రాణమే దక్కనప్పుడు చూపు గురించి ఎవరడుగుతారు? 1927లో ఈగాస్ మోనిజ్ మెదడు నాళాలను ఎక్స్‌రేలో చూపించాడు. 1937లో వాల్టర్ డాండీ జాన్స్ హాప్కిన్స్‌లో అన్యూరిజం మెడకు క్లిప్ వేశాడు. 1990ల్లో అన్యూరిజంను లోపలి నుంచి పూడ్చే గుల్యెల్మి ప్లాటినం కాయిల్స్ వచ్చాయి. బతికి బయటపడేవాళ్లు పెరిగేకొద్దీ వాళ్ల చూపు కూడా లెక్కలోకి వచ్చింది. 1970లో మయామీలో రాబర్ట్ మాకెమర్ విట్రెక్టమీ, అంటే విట్రియస్ జెల్‌ను తీసేసే ఆపరేషన్, మొదలుపెట్టాక, రక్తం దానంతట అదే కరిగేదాకా నెలల తరబడి కాచుకోవడమే గతి అన్న పరిస్థితి మారింది. ఇప్పటికీ చాలామందికి అది కరుగుతుంది. దట్టంగా పేరుకుంటేనో, రెండు కళ్లలోనూ చూపు మూసుకుపోతేనో ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు.

చిక్కల్లా జబ్బును పట్టుకోవడంలోనే. ఐసీయూలో రోగి కంటిపాపలను టార్చి వేసి పదేపదే చూస్తారు. పాప పెద్దదైతే మెదడుకు ప్రమాదమని అర్థం. రెటీనాను చూడాలంటే పాపను పెద్దది చేసే చుక్కలే వేయాలి. వేస్తే ఆ హెచ్చరిక కొన్ని గంటలపాటు కనబడదు. అందుకే న్యూరో వైద్యులు వెనకాడతారు, కంటి పరీక్ష వాయిదా పడుతుంది. మూసిన రెప్పపై ప్రోబ్ ఆనించి చేసే అల్ట్రాసౌండ్‌కు ఆ చుక్కలతో పనిలేదు. రోగి తెలివి వచ్చాక తడుముకుంటుంటే, మెదడు దెబ్బతిన్న ఫలితమని ఇంట్లోవాళ్లు సర్దిచెప్పుకుంటారు. లిట్టెన్ చూసి నూట నలభై ఏళ్లు దాటాయి, వైద్యమూ ఉంది. ఇక కావలసింది, స్పృహ వచ్చిన రోగిని ఓసారి కంటి డాక్టరుకు చూపించడం న్యూరో వార్డులో మామూలు పద్ధతి కావడమే.