గూడ్సుబండి పాట ఎవరిది?

జానపద గేయమంటే కర్త తెలియని గేయమని మన పాఠ్యపుస్తకాలు చెబుతూ వచ్చాయి. విద్యార్థులు ఈ నిర్వచనాన్ని పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నారు. కర్త తెలియకపోవడం పాటకు సహజ లక్షణమా, లేక ఆ కర్త ఎవరో తెలుసుకోవలసిన అవసరం పెద్దలకు కలగకపోవడమా అని అడిగినవారు తక్కువ. అమెరికన్ నల్లజాతి గిటారు కళాకారిణి, గేయకర్త్రి ఎలిజబెత్ కాటెన్ జీవితాన్ని నేను ఈ ప్రశ్న కోసమే చూస్తున్నాను.

ఆమె 1893లో ఉత్తర కరోలినాలో, చాపెల్ హిల్ పక్కన, తర్వాత కార్బరో అని పేరుపడిన చోట పుట్టింది. 1900లో ఆ రాష్ట్రం తన రాజ్యాంగాన్ని సవరించి, అక్షరాస్యత పరీక్ష పేరుతో నల్లవారి ఓటుహక్కును ఊడబెరికింది. చదువు రాదని ఓటు తీసేసిన ఆ రాష్ట్రంలోనే ఈ పిల్ల చదువు చిన్నతనంలో ఆగిపోయింది. ఇళ్ళల్లో పనికి కుదిరింది. జీతం నెలకు 75 సెంట్లు. కూడబెట్టి కొనుక్కున్న గిటారు ఖరీదు 3.75 డాలర్లు. అంటే ఐదు నెలల చాకిరీ!

ఆమెది ఎడమచేతి వాటం. అంతకుముందు అన్న బాంజోను దొంగతనంగా వాయించుకుంటూ నేర్చుకుంది. తీగలు మార్చి కట్టుకోకుండా, వాయిద్యాన్నే తలకిందులుగా పట్టుకుంది. దాంతో అందరూ బొటనవేలితో మీటే మంద్రపు తీగలు ఆమెకు చూపుడువేలి కిందికి వచ్చాయి. పాట వరస బొటనవేలి పాలయింది. తర్వాతి కాలంలో గిటారు విద్యార్థులు 'కాటెన్ బాణీ' అని సాధన చేసింది దీన్నే. గురువు లేని లోటులోంచి పుట్టిన శైలి ఇది. పేదరికం కళను పెంచుతుందని దీన్నిబట్టి ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అదే పేదరికం తర్వాత ఏం చేసిందో చూడాలి.

ఇంటి దగ్గర రైలుకట్ట. పదకొండు పన్నెండేళ్ళ వయసులో గూడ్సుబండి మీద ఆమె కట్టిన పాటే 'ఫ్రైట్ ట్రైన్'. పదిహేడో ఏట పెళ్ళయింది. ఐహికమైన పాటలు మానెయ్యమని చర్చి పెద్దలు చెప్పారు. చర్చి ఒకవైపు, ఇంటిపనీ పాచిపనీ మరోవైపు. గిటారు దాదాపు పూర్తిగా మూలపడింది. దశాబ్దాలు గడిచాయి.

1940ల్లో వాషింగ్టన్‌లో ఒక పెద్ద దుకాణంలో బొమ్మలు అమ్ముతుండగా, తప్పిపోయిన ఒక పిల్లను తల్లికి అప్పగించింది. ఆ తల్లి రూత్ క్రాఫర్డ్ సీగర్, ఆ పిల్ల పెగ్గీ. మనవాళ్ళు ఎరిగిన పీట్ సీగర్‌కు రూత్ సవతితల్లి. ఆమె కాటెన్‌ను వంటపనికి పెట్టుకుంది. రూత్ సామాన్యురాలు కాదు. గొప్ప స్వరకర్త, 1941లో లోమాక్సులు వెలువరించిన జానపద గేయ సంకలనానికి స్వరాలు రాసింది ఆమే. ఊరూరా తిరిగి రికార్డు చేసిన పాటలను ఆ ఇంట్లో కాగితం మీద పెడుతున్నారు. అదే ఇంటి వంటగదిలో ఒక గేయకర్త్రి రొట్టెలు కాలుస్తోంది. గోడకు వేలాడుతున్న గిటారు ఆమె చేతిలోకి వచ్చేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. సీగర్లు మంచివాళ్ళు, అభ్యుదయవాదులు. అయినా అంతే. సీగర్లు ఆమెను 'కనుగొన్నారు' అని రాస్తుంటారు. కొలంబస్ అమెరికాను కనుగొన్నట్టే కాబోలు!

1956లో ఇంగ్లండు వెళ్ళిన పెగ్గీ ఈ పాటను అక్కడ పాడింది. ఇద్దరు బ్రిటిషువాళ్ళు దాన్ని తమ రచనగా కాపీరైటు చేయించుకున్నారు. 1957లో ఛాస్ మెక్‌డెవిట్ బృందం రికార్డు అక్కడ విపరీతంగా అమ్ముడుపోయింది. జానపదమనే ముద్ర ఉంది కనుక ఎవరి సొత్తూ కాదు. ఎవరి సొత్తూ కాదు కనుక ముందు రిజిస్టరు చేసినవాడిది. పోరంబోకు భూమికి పట్టా పుట్టించడం మనకు తెలియని విద్య కాదు. సీగర్ కుటుంబం పట్టుబట్టి పోరాడాక గాని కర్తగా కాటెన్ పేరు ఎక్కలేదు. తమ ఇంట్లో ఉండబట్టి వాళ్ళు సాక్ష్యం చెప్పగలిగారు. అలాంటి సాక్షులు లేని వంటమనుషుల పాటలు ఎన్ని పోయాయో లెక్క లేదు. అందుకే సమష్టి సృష్టి అన్న మాటను మనం ఆచితూచి వాడాలంటాను. ఊడుపు పాటకు కూడా మొదట ఒక నోరు ఉంటుంది.

మైక్ సీగర్ ఇంట్లోనే టేపు మీద ఎక్కించిన పాటలతో 1958లో ఫోక్‌వేస్ సంస్థ ఆమె మొదటి రికార్డు తెచ్చింది. అప్పటికి ఆమెకు 65 ఏళ్ళు. రికార్డు వచ్చినా ఇళ్ళల్లో పని వెంటనే మానలేకపోయింది. 1985లో గ్రామీ బహుమతి, 1987లో సిరక్యూస్‌లో మరణం.

ఆ బహుమతి కంటే నాకు 1967లో వచ్చిన 'షేక్ షుగరీ' ముఖ్యమనిపిస్తుంది. ఇంట్లో ఉన్నవన్నీ ఒక్కొక్కటే తాకట్టుకు పోయిన వైనం ఆ పాట. వరస కాటెన్‌ది. చరణాలు మాత్రం రాత్రిపూట పడుకునే ముందు మునిమనుమలు తలా ఒకటి కట్టారు. రికార్డులో పాడింది వాళ్ళలో ఒక పిల్ల, పన్నెండేళ్ళది. ముసలమ్మ పక్కన కూర్చుని, గిటారు తలకిందులుగా పట్టుకుని వాయించింది.